లింకు పక్కన రెండు వాక్యాలు

(డిగ్రీ విద్యార్థులు, గ్రంథాలయ సిబ్బంది కలిసిన ఒక సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ పిల్లలు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. మొహమాటం వద్దు.

మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేద్దాం. మీ ఫోన్లు తీయండి. మీ ప్రాజెక్టు వాట్సాప్ గ్రూపు తెరవండి. మూడు నెలల కింద మీలో ఎవరో ఒక మంచి లింకు పంపి ఉంటారు కదా, "ఇది చూడండి, మనకు పనికొస్తుంది" అని. దాన్ని వెతకండి. ఒక నిమిషం టైమిస్తాను.

దొరికిందా? అదిగో, ఒక చెయ్యి లేచింది. ఇంకెవరికైనా? ఇంతమందిలో ఒక్కరికే దొరికింది. మిగతావాళ్లకు ఆ లింకు పుట్టినరోజు శుభాకాంక్షల కింద, పరీక్షల టైంటేబుల్ కింద, గుడ్ మార్నింగ్ పూల బొమ్మల కింద ఎక్కడో పడి ఉంది. పంపినవాళ్లు కష్టపడి వెతికే పంపారు. ఆ కష్టం ఎవరికీ దక్కలేదు. ఇది చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. పద్నాలుగు మంది విడివిడిగా పది గంటలు వెతికి, వారానికల్లా మళ్లీ ఒకరినొకరు "ఆ లింకు మళ్లీ పంపవా" అని అడుక్కోవడం ఏమిటి?

నేను చరిత్ర పాఠాలు చెప్పే టీచర్‌ని. కంప్యూటర్ నా సబ్జెక్టు కాదు. కొన్నేళ్ల కింద మా డిగ్రీ పిల్లలతో ఓరుగల్లు చుట్టుపక్కల చెరువుల మీద ఒక ప్రాజెక్టు మొదలుపెట్టాం. భద్రకాళి, వడ్డేపల్లి, ధర్మసాగరం, రామప్ప, పాకాల, లక్నవరం. పెద్దవి ఇవి. వీటితో పాటు ఏ పిల్లవాడి ఊరి చెరువు వాడిది. దీనికి కావలసిన సమాచారం ఒక చోట ఉండదు. శాసనాల సంపుటాలు స్కాన్ చేసినవి ఒక దగ్గర ఉంటాయి, నిజాం కాలపు నివేదికలు ఇంకో దగ్గర. నీటిపారుదల శాఖ పట్టికలు, ఇస్రో వాళ్ల భువన్ పటాలు, శోధ్‌గంగలో పరిశోధన గ్రంథాలు, పాత పత్రికల కథనాలు, యూట్యూబ్‌లో ముసలి రైతుల మాటలు. ఇన్ని చోట్ల ఉన్నదాన్ని ఒక్క బుట్టలోకి తేవాలి. ఆ బుట్ట పద్నాలుగు మందిదీ కావాలి. దాని కోసం మేము నేర్చుకున్నదే ఇవాళ మీకు చెప్పబోయే సంగతి: అందరూ కలిసి బుక్‌మార్కులు పెట్టుకోవడం.

ఇది కొత్త విద్యేమీ కాదు. 2003లో అమెరికాలో జాషువా షాక్టర్ అనే ఆయన డెలిషస్ అనే సేవ మొదలుపెట్టారు. అంతవరకు బుక్‌మార్కు అంటే ఎవరి కంప్యూటర్లో వాళ్లు దాచుకునేది. ఫోల్డర్లు, వాటిలో ఇంకా ఫోల్డర్లు. ఆయన దాన్ని బయటకు తెచ్చారు. మీరు లింకు దాచి, పక్కన నాలుగు గుర్తు మాటలు రాస్తారు. ఆ మాటలే ట్యాగులు. ఒక లింకును ఒక్క ఫోల్డర్‌లోనే పెట్టాలన్న నియమం పోయింది, ఎన్ని ట్యాగులైనా తగిలించవచ్చు. మీరు దాచినది ఇంకెంతమంది దాచారో కనిపిస్తుంది. వాళ్లు ఏ మాటలు తగిలించారో కనిపిస్తుంది. ఆ మాట మీద నొక్కితే ముక్కూ మొహం తెలియని మనిషి అదే విషయం మీద దాచుకున్న సామగ్రంతా మీ ముందు పరుచుకుంటుంది. పండితులు ముందే గీసి ఇచ్చిన వర్గీకరణ లేకుండా, వాడేవాళ్ల మాటల్లోంచే పుట్టుకొచ్చే ఈ అమరికకు 2004లో థామస్ వాండర్ వాల్ ఫోక్సానమీ అని పేరు పెట్టారు. 2005 చివర్లో యాహూ డెలిషస్‌ను కొనేసింది. 2008 చివరికి 53 లక్షల మంది వాడుకరులు, 18 కోట్ల లింకులు ఉన్నాయని ఆ సేవ చెప్పుకుంది.

ఆ తర్వాత దాని గతి ఏమైందో కాసేపాగి చెప్తాను. ముందు మా గోడు వినండి.

మొదటి నెలలో మా పిల్లలు ఉత్సాహంగా ఎవరికి తోచిన ట్యాగు వాళ్లు పెట్టారు. ఒకరు తెలుగులో చెరువు అన్నారు. ఒకరు ఇంగ్లీషు అక్షరాల్లో చెరువు అని రాశారు, అందులోనూ సి, హెచ్ రెండూ పెట్టినవాళ్లు కొందరు, హెచ్ వదిలేసినవాళ్లు ఇంకొందరు. ఒకరు తటాకం, ఒకరు సరస్సు, ఒకరు లేక్, ఒకరు ట్యాంక్. ట్యాంక్ అని వెతికితే మా బుట్టలో యుద్ధ ట్యాంకు బొమ్మ ఒకటి వచ్చింది. ఒకబ్బాయి సొంత ఆసక్తి కొద్దీ దాచుకున్నది ఇందులోకి వచ్చి పడింది. పిల్లలంతా పడీ పడీ నవ్వారు. కానీ ఆ రోజు నాకు ఒకటి అర్థమైంది. బుట్టలో సరుకున్నా, పిలిస్తే పలకకపోతే లేనట్టే.

వరంగల్ సంగతి ఇంకా చిత్రం. ఒకబ్బాయి వరంగల్ ట్యాగు మీద నొక్కితే పదకొండు లింకులు వచ్చాయి. పక్కనే ఇంకో వరంగల్ ట్యాగు ఉంది, దాని మీద నొక్కితే వేరే తొమ్మిది. రెండూ కంటికి ఒక్కలాగే ఉన్నాయి. అక్షరం తేడా లేదు, పొల్లు తేడా లేదు. మేము గంటసేపు తల పట్టుకున్నాం. చివరికి తెలిసిందేమిటంటే, కొన్ని తెలుగు కీబోర్డులు పొల్లు తర్వాత కంటికి కనిపించని ఒక గుర్తును చేరుస్తాయి. జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. వరంగల్ పక్కన "లో" చేరిస్తే లకారానికి లకారం ఒత్తుగా అంటుకోకుండా ఆపేది అదే. మనకు మేలు చేసే గుర్తే. కానీ పదం చివర మిగిలిపోతే, కంప్యూటర్‌కు అది వేరే పదం. ఇంగ్లీషులో ట్యాగులు పెట్టుకునేవాళ్లకు ఈ బాధ లేదు. తెలుగులో పని చేసే మనకు ఉంది, కాబట్టి దీన్ని మనమే తెలుసుకుని ఉండాలి.

తెలుగు లింకుల పొడుగు కూడా చూసే ఉంటారు. చెరువు అని మనం మూడక్షరాలుగా రాసేది కంప్యూటర్ లోపల ఆరు సంకేతాలు. ఒక్కొక్కటీ మూడు బైట్లు. లింకులో దాన్ని శాతం గుర్తులతో విప్పి రాస్తే మొత్తం యాభై నాలుగు గుర్తులవుతుంది. పిల్లలు దాన్ని కాపీ చేసేటప్పుడు చివర తెగిపోతుంది, లింకు పనిచేయదు. అందుకని తెలుగు వికీపీడియా లింకు పెట్టినప్పుడల్లా వ్యాసం పేరు విడిగా తెలుగులో రాయాలని నియమం పెట్టుకున్నాం. లింకు తెగినా పేరుతో వెతుక్కోవచ్చు.

ఇక మాటల దగ్గరికి వద్దాం. చెరువు నిండి పొర్లే చోటును మా వైపు మత్తడి అంటాం. కోస్తా నుంచి వచ్చిన అమ్మాయి అలుగు అని ట్యాగు పెట్టింది. నెల్లూరు వైపు సమాచారం తెచ్చిన అబ్బాయికి అక్కడి వ్యాసంలో కలుజు అని కనిపించింది. ఇంజనీరింగ్ నివేదికలన్నీ వీయర్ అంటాయి. నాలుగూ ఒకటే. ఏది ఉంచాలి?

ఇక్కడ మా పిల్లల మధ్య గట్టి వాదన జరిగింది. ఒక పట్టిక రాసుకుని అందరూ మత్తడి అనే వాడాలని కొందరు. ఎవరి మాట వాళ్లది, తీసేయడానికి మనమెవరం అని ఇంకొందరు. నాకు రెండో పక్షం మీదే మనసు లాగింది. అలుగు అనే మాటతో పుట్టి పెరిగిన పిల్లను మత్తడి అని రాయమనడం నాకు నచ్చలేదు. కానీ మొదటి పక్షం వాళ్లు చెప్పిందీ నిజమే, వెతికితే దొరకాలి కదా. చివరికి ఇలా చేశాం: మత్తడిని ఉమ్మడి ట్యాగుగా పెట్టాం, అది తప్పనిసరి. దాని పక్కన ఎవరి ఊరి మాట వాళ్లు అదనంగా చేర్చుకోవచ్చు. ఒక చిన్న పట్టికలో మత్తడి ఎదురుగా అలుగు, కలుజు, వీయర్ అన్నీ రాసి, గ్రూపు మొదటి పేజీలో పెట్టాం. ఏడాది తిరిగేసరికి తూము, కట్ట, శిఖం, ఆయకట్టు, నీరటి, కుంట, ఇలా ఆ పట్టిక పెరిగి పెరిగి చెరువు మాటల చిన్న నిఘంటువులా తయారైంది. మేము అనుకోకుండా దొరికిన ఫలం అది.

ఒక లింకుకు ఏ ఏ ట్యాగులు ఉండాలి అన్నది గ్రంథాలయం వాళ్లకు కొత్త ప్రశ్న కాదు. మీలో గ్రంథాలయ శాస్త్రం చదివినవాళ్లున్నారు, ఎస్.ఆర్.రంగనాథన్ గారి పేరు నేను ఎత్తకముందే మీకు గుర్తొచ్చి ఉంటుంది. మద్రాసు విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ 1933లో ఆయన కోలన్ వర్గీకరణ తెచ్చారు. పుస్తకాన్ని ఒకే అరలో బిగించేయకుండా అది దేని గురించి, ఏ పదార్థం, ఏ పని, ఏ చోటు, ఏ కాలం అని ఐదు ముఖాలుగా చూడమన్నారు. ట్యాగులు రావడానికి డెబ్భై ఏళ్ల ముందు మొదలైన ఆలోచన ఇది. మేము దాన్ని మా పనికి సరిపడా కుదించుకున్నాం. ప్రతి లింకుకూ నాలుగు: చెరువు పేరు, ఊరు, విషయం, ఆధారం ఎలాంటిది. శాసనమా, సర్కారు పట్టికా, పత్రిక కథనమా, మనిషి మాటా అన్నది ఆ నాలుగోది. చరిత్ర విద్యార్థులకు అన్నిటికన్నా ముఖ్యమైనది అదే.

జిల్లా పేరు ట్యాగుగా ఎందుకు పెట్టలేదని అడుగుతారేమో. పెట్టి దెబ్బతిన్నాం. రామప్ప చెరువునే తీసుకోండి. 2016 అక్టోబరు దాకా అది వరంగల్ జిల్లా. ఆ తర్వాత జయశంకర్ భూపాలపల్లి జిల్లా. 2019 ఫిబ్రవరి నుంచి ములుగు జిల్లా. చెరువు ఉన్నచోటే ఉంది, మూడేళ్లు తిరక్కుండా మూడు జిల్లాలు మారింది. 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండ అయింది, వరంగల్ రూరల్ వరంగల్ అయింది. అంటే 2018 నాటి కాగితంలో ఒక మాట, 2022 నాటి కాగితంలో అదే మాట వేరే నేల. జిల్లాను నమ్ముకుంటే బుట్టంతా కలగాపులగం. ఊరి పేరు, చెరువు పేరు అంత తొందరగా మారవు.

ఇప్పుడు అసలు సంగతి. నేను ఇవాళ ఇంత దూరం వచ్చింది ఈ ఒక్కటి చెప్పడానికే.

ట్యాగులు దొరకబుచ్చుకోవడానికి. కానీ దొరికిన లింకు తెరవాలా వద్దా, తెరిచి ఎక్కడ చూడాలి, ఎంతవరకు నమ్మాలి అన్నది ట్యాగు చెప్పదు. దానికి పక్కన ఒక వివరణ ఉండాలి. దాచినవాళ్లు సొంత మాటల్లో రెండు వాక్యాలు రాయాలి. మొదట్లో మా పిల్లల వివరణలు ఎలా ఉండేవో తెలుసా? "చాలా మంచి లింకు." "ఉపయోగకరం." "తప్పక చదవండి." ఇవి ఎవరికి ఉపయోగం? రాసినవాడికి తప్ప ఆ మంచి ఏమిటో ఎవరికీ తెలియదు. ఆర్నెల్లయితే వాడికీ తెలియదు.

ఒక అమ్మాయి రాసిన వివరణ మీకు చదివి వినిపిస్తాను. కేంద్ర జలశక్తి శాఖ 2023లో విడుదల చేసిన నీటి వనరుల తొలి గణన నివేదిక లింకు అది. ఆమె ఇలా రాసింది: "దేశం మొత్తం 24 లక్షల పైచిలుకు. తెలంగాణకు 64 వేల పైచిలుకు. మిషన్ కాకతీయ మొదలైనప్పుడు చెప్పిన లెక్క 46 వేల పైచిలుకు. రెంటినీ పోల్చి చెరువులు పెరిగాయని రాయొద్దు. ఇందులో చెక్‌డ్యాములు, ఇంకుడు చెరువులు కూడా కలిపి లెక్కపెట్టారు."

చూశారా? ఆ అమ్మాయి ఇది రాయకపోతే మా వాళ్లలో కనీసం ముగ్గురు తెలంగాణలో చెరువులు 46 వేల నుంచి 64 వేలకు పెరిగాయని వ్యాసం రాసి ఉండేవాళ్లు. అంకెలు రెండూ నిజమే, వాటితో చెప్పే కథ అబద్ధం. వందల పేజీల ఆ నివేదికను ఆమె కూర్చుని చదివింది, మిగతా పదమూడు మంది ఆ రెండు నిమిషాల వివరణ చదివారు. రంగనాథన్ గారి గ్రంథాలయ సూత్రాల్లో నాలుగోది పాఠకుడి సమయం ఆదా చెయ్యమని. ఆదా అయింది సమయం ఒక్కటే కాదు, మా పరువు కూడా.

అందుకని నియమం మార్చాం. వివరణ లేని లింకు బుట్టలో ఉండదు. వారం రోజులు ఆగుతాం, రాయకపోతే తీసేస్తాం. ఆ వివరణలో మూడు విషయాలు రావాలి: ఇందులో మనకు పనికొచ్చేది ఏ పేజీలో ఉంది, ఎందుకు దాచాను, ఎక్కడ జాగ్రత్తగా ఉండాలి. చివర రాసినవాళ్ల పేరు. ఆ పేరు ఉండటం నాకు చాలా ఇష్టం. మన కాలేజీల్లో ప్రాజెక్టు రిపోర్టు మీద అందరి పేర్లూ ఉంటాయి, కానీ ఎవరు ఏం చేశారో ఎవరికీ తెలియదు. ఈ బుట్టలో తెలుస్తుంది. నెమ్మదస్తురాలు, క్లాసులో నోరు విప్పని పిల్ల, అందరికన్నా ఎక్కువ వివరణలు రాసిందని మాకు ఇక్కడే తెలిసింది.

ఆ పిల్ల సంగతే ఇంకొకటి చెప్పాలి. వాళ్ల తాత నీరటి. చెరువు తూములు ఎత్తి, దించి, ఎవరి పొలానికి ఎన్ని గంటలు నీళ్లో చూసుకునే మనిషిని నీరటి అంటాం. ఎవరో ఒకరు ఆ మండలం చెరువుల సర్కారు పట్టిక లింకు దాచారు. అందులో వాళ్ల ఊరి ఎదురుగా "ఊర చెరువు" అని ఉంది. ఆమె కింద ఇలా రాసింది: "మా ఊళ్లో ఊర చెరువు అంటే ఊరి వెనక ఉన్న చిన్న కుంట. ఈ పట్టికలో ఇచ్చిన ఆయకట్టు దానిది కాదు, పెద్ద చెరువుది. కాగితంలో పెద్ద చెరువును ఊర చెరువు అన్నారు, కుంటను అసలు రాయలేదు. తాతను అడిగాను. కుంటకు కూడా ఒక తూము ఉందట, ఇరవై ఎకరాలు పారేదట." అంతే. ఐదు వాక్యాలు. ఏ వెబ్‌సైటులోనూ లేని సమాచారం ఒక లింకు కింద వచ్చి కూర్చుంది. ఆ రోజు నుంచి ఆ పట్టికకు ఉన్న విలువ మారిపోయింది. మా పిల్లలు ఒక్కొక్కరూ ఇంటికి ఫోన్ చేసి వాళ్ల వాళ్ల ఊరి వరుసను సరిచూడటం మొదలుపెట్టారు.

కలిసి దాచుకోవడంలో ఇంకో లాభం ఉంది. పది లింకులు పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరు ఎవరి దగ్గర ఎత్తి రాశారో బయటపడుతుంది. ఒక చెరువు గురించి పది చోట్ల ఒకే వాక్యం, ఒకే అచ్చుతప్పుతో సహా కనిపించింది మాకు. పది ఆధారాలు ఉన్నాయని సంబరపడకూడదు, ఉన్నది ఒక్కటే, తొమ్మిది దాని నీడలు. అందుకే ఎంతమంది దాచారన్న అంకెను నేను పెద్దగా పట్టించుకోను. రామప్ప గుడి శాసనం 1213 నాటిదని వంద పేజీలు చెప్తాయి. శాసన పాఠం ఉన్న ఒక్క పేజీ ఆ వందకూ తల్లి. బుట్టలో ఆ తల్లి పేజీకి మేము "మూలం" అని ట్యాగు పెట్టాం.

సరే, డెలిషస్ గతి చెప్తానన్నాను. 2010 డిసెంబరులో యాహూ దాన్ని మూసేస్తుందన్న వార్త బయటికి పొక్కింది. వాడేవాళ్లంతా కంగారుపడి తమ బుక్‌మార్కులు దించుకోవడం మొదలుపెట్టారు. మూసేయలేదు గానీ 2011లో యూట్యూబ్ స్థాపకుల కంపెనీ చేతికి పోయింది, తర్వాత మరో రెండు చేతులు మారింది. చివరికి 2017లో దానికి పోటీగా ఉన్న పిన్‌బోర్డ్ యజమాని 35 వేల డాలర్లకు కొని, కొత్తవి చేర్చే వీలు ఆపేశారు. పరిశోధకుల కోసం నేచర్ పత్రిక సంస్థ నడిపిన కనోటియా 2013లో పోయింది. సైట్‌యులైక్ 2019లో పోయింది. గూగుల్ బుక్‌మార్క్స్ 2021లో, పాకెట్ 2025 జులైలో. ఎన్నో ఏళ్లు నమ్మి దాచుకున్న సేవలు ఇవన్నీ.

మాకూ తగిలింది. మొదటి ఏడాది మేము వాడిన ఒక ఉచిత సేవ ఓ సోమవారం పొద్దున తెరుచుకోలేదు. మంగళవారం తెరుచుకోలేదు. ఉత్తరం రాస్తే జవాబు లేదు. అదృష్టం కొద్దీ ఒకబ్బాయి పదిహేను రోజుల కిందే మొత్తం ఎగుమతి చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకున్నాడు. దాన్ని తెరిచి చూస్తే లింకులు, ట్యాగులు, వివరణలు అన్నీ ఉన్నాయి. ఒక విచిత్రం చెప్పనా, చాలా సేవలు ఇప్పటికీ బుక్‌మార్కులను బయటికిచ్చే ఫైలు పద్ధతి 1990లలో నెట్‌స్కేప్ బ్రౌజర్ వాడినదే. ఆ బ్రౌజర్ పోయి ఎన్నో ఏళ్లయింది, ఫైలు పద్ధతి మాత్రం బతికే ఉంది. కాబట్టి ఏ సేవలో చేరినా మొదటి రోజే చూడవలసింది, బయటికి తీసుకుపోయే దారి ఉందా లేదా అని. లేదంటే అందులో ఒక్క లింకు కూడా పెట్టకండి.

ఆ దెబ్బ తర్వాత మేము జొటెరోకి మారాం. అమెరికాలో జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయం చరిత్రకారులు 2006లో తెచ్చినది, ఉచితం. గ్రూపు లైబ్రరీ పెట్టుకోవచ్చు, ఒకే లింకు కింద ఎవరి వివరణ వాళ్లు రాయవచ్చు, పేజీ నకలును కూడా అందులోనే దాచుకోవచ్చు. ఉచితంగా ఇచ్చే జాగా 300 ఎంబీ, స్కాన్ పుస్తకాలు పెడితే చాలదు, లింకులకూ వివరణలకూ ధారాళంగా సరిపోతుంది. వెబ్ పేజీ మీదే గీతలు గీసి, పక్కన చీటీ అంటించాలనుకుంటే డీగో ఉంది. ఏ పనిముట్టు వాడతారన్నది మీ ఇష్టం, దాని మీద నాకు పట్టుదల లేదు.

సేవ బతికినా లింకులు చస్తాయి. ప్యూ రీసెర్చ్ సెంటర్ వాళ్లు 2024లో చెప్పిన లెక్క ప్రకారం, 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్ల తర్వాత లేవు. మన దగ్గర జిల్లాలు మారినప్పుడు, శాఖల వెబ్‌సైట్లు కొత్తగా కట్టినప్పుడు పాత చిరునామాలు గంపగుత్తగా పోతాయి. పాత తెలుగు పత్రికల పేజీలది మరీ ఘోరం. యూనికోడ్ రాకముందు ఒక్కో పత్రిక సొంత ఫాంటు వాడేది. పేజీ బతికున్నా ఆ ఫాంటు లేక చదవడానికి రాదు, పిచ్చి గీతల్లా కనిపిస్తుంది. అందుకని లింకు దాచిన నిమిషంలోనే ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషీన్‌కు వెళ్లి, అక్కడ ఆ పేజీని భద్రపరచమని ఇచ్చి, వచ్చిన రెండో లింకును కూడా వివరణలో అతికిస్తాం. అర నిమిషం పని. మా పాత ఎగుమతి ఫైలులోని లింకుల్లో చాలా భాగం ఇవాళ తెరుచుకోవు. కానీ "ఈ నివేదిక ఫలానా పట్టికలో పాకాల ఆయకట్టు ఇంత అని ఉంది" అని పిల్లలు రాసిన వివరణలు మాత్రం ఉన్నాయి. లింకు పోయింది, చదివినవాళ్ల చదువు మిగిలింది. ఆ వివరణ పట్టుకుని వేరే చోట ఆ నివేదికను మళ్లీ సంపాదించాం.

ఒక హెచ్చరిక. అందరికీ కనిపించే బుట్టలో మనుషుల ఫోన్ నంబర్లు, ఇంటి చిరునామాలు, శిఖం భూముల, అంటే చెరువు లోపలి నేలల, తగాదాల్లో ఉన్న రైతుల పేర్లు పెట్టకండి. మాకు కబుర్లు చెప్పిన పెద్దవాళ్ల మాటల్లో అలాంటివి చాలా ఉన్నాయి. వాటికి సభ్యులకే కనిపించే వేరే గ్రూపు పెట్టుకున్నాం.

ఇదంతా ఎవరు చూసుకుంటారు అని గ్రంథాలయం వాళ్లు అడుగుతారు, న్యాయమైన ప్రశ్న. మేము శనివారం మధ్యాహ్నం ఒక గంట పెట్టుకున్నాం. ఇద్దరిద్దరు వంతులు. బియ్యం చాటలో పోసి చెరిగినట్టు ఆ వారం వచ్చినవి చెరుగుతారు. ఒకటే లింకు రెండుసార్లు వస్తే కలుపుతారు, ట్యాగు తప్పుంటే దిద్దుతారు, తెరుచుకోని వాటికి వేబ్యాక్ నకలు వెతుకుతారు. ఎవరి వివరణనూ చెరపరు. తప్పనిపిస్తే కింద ఇంకో వివరణ రాస్తారు. ఈ చివరి నియమం పిల్లలే పెట్టారు. గంట సేపు ఇది చేయకపోతే రెండు నెలల్లో బుట్ట చెత్తకుప్ప అవుతుంది, నేను కళ్లారా చూశాను. సెలవుల్లో వదిలేసి వచ్చి, తిరిగి బాగు చేసుకోవడానికి నెల పట్టింది.

మొదటి జట్టు పిల్లలు డిగ్రీ పూర్తి చేసి వెళ్లిపోయారు. బుట్ట తర్వాతి జట్టు చేతికి వచ్చింది. సభ్యత్వాలు మాత్రం తీసేయలేదు. రెండేళ్ల తర్వాత, కొత్తగా చేరిన ఒకబ్బాయి పాత లింకులన్నీ ఒక్కొక్కటే చూస్తూ ఆ నీరటి మనవరాలి వివరణ దగ్గర ఆగాడు. కింద రాశాడు: "అక్కా, ఆ కుంట ఇప్పుడు ఉందా?"

ఆమె అప్పటికి హైదరాబాదులో ఉద్యోగం. నెల రోజులు జవాబు లేదు. మేము మరిచిపోయాం. బతుకమ్మ పండగ అయిన మూడో రోజు ఆ లింకు కింద కొత్త వివరణ కనిపించింది.

"తమ్ముడూ, ఉంది. సద్దుల బతుకమ్మకు ఊరికి వెళ్లినప్పుడు చూశాను. సగం పూడింది, తుమ్మచెట్లు లేచాయి. తూము రాళ్లు ఉన్నాయి, ఒకటి ఒరిగింది. నాలుగు ఫోటోలు పెట్టాను, చోటు గుర్తు కూడా పెట్టాను. తాత లేడు ఇప్పుడు. తూము పక్క రాయి మీద గీతలు నీటి కొలతలని నాన్న అంటున్నాడు, నాకు తెలియదు. మీరు వచ్చి చూడండి. అమ్మకు చెప్పాను, అన్నం పెడుతుంది."

వచ్చే ఆదివారం ఆ ఊరు వెళ్తున్నాం.